మంచి జీతమనగా నెంత?

గడచిన 2025 వ సంవత్సరపు శ్రావణమాసమున, వరలక్ష్మీవ్రతము నాటి సాయంకాలము, తెనాలిలో మా వీథిలోని యొక యింటికి పేరంటమునకు పోయితిని. తాంబూలములు పుచ్చుకొనుచుండగా నొకామె మా పొరుగింటి యిల్లాలిని జూచి, "మీ అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందటగా! ఎంతండీ?" అని యడిగెను. ఆమె యొకింత సిగ్గుతోను ఒకింత గర్వముతోను "నాలుగున్నర" అనెను. లక్షలని గాని, ఏడాదికని గాని అనలేదు. అనవలసిన పనియు లేదు. ఇప్పుడు మన పేరంటములలో జీతములన్నియు నిట్లే చెప్పబడుచున్నవి. అడిగినామె కాళ్లకు పసుపు రాయించుకొనుచు, "మా వాడికి పన్నెండు" అనెను. అంతటితో నాలుగున్నర వెలవెలబోయినది.

మూడు దినములు గడచిన పిమ్మట మా పొరుగింటి యిల్లాలు మా యింటికి వచ్చి, వంటయింటి గడప యొద్దనే కూర్చుండి, కొంగుచాటున దాచి తెచ్చిన కాగితములను నా చేతికిచ్చెను. అవి కూతునకు కంపెనీవారిచ్చిన నియామకపత్రమును, మొదటి నెల జీతపు చీటియును. "వదినగారూ, నాలుగున్నర లక్షల్ని పన్నెండు పెట్టి భాగిస్తే ముప్పయ్యేడు వేల అయిదు వందలు రావాలి గదా! చేతికి ఇరవై ఎనిమిదిన్నర వేలే వచ్చిందంటుంది పిల్ల. తక్కిన తొమ్మిది వేలు ఏం చేశావని వాళ్ల నాన్నగారు ఫోనులో కేకలేశారు. రెండు రోజులనుంచి అది ఫోను ఎత్తడం లేదు. ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్ల. నాకు భయంగా ఉంది" అని కంటనీరు పెట్టుకొనెను.

చిన్ననాటినుండియు నేనెరిగిన పిల్ల. బజారునకు పంపిన మిగిలిన అర్ధరూపాయి సయితము తెచ్చి తల్లి చేతిలో పెట్టునట్టిది. ఆమెను కన్నతండ్రియే దొంగగా నెంచుటకు కారణమేమని నేను కండ్లజోడు పెట్టుకొని కాగితములు చదువ మొదలిడితిని. సోదరీమణులారా! ఆ మధ్యాహ్నము మేమిద్దరమును గూర్చుండి తెలిసికొన్న లెక్కను మీకును చెప్పవలెనని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఉద్యోగమునకు బోవు కొడుకుగాని కూతురుగాని లేని యిల్లు మనలో నేడు అరుదుగదా.

కంపెనీవారు చెప్పు ఏడాది మొత్తము జీతము కాదు. ఆ యుద్యోగిని ఏడాదిపాటు ఉంచుకొనుటకు తమకగు ఖర్చు మొత్తమది. దానినే ప్యాకేజి అందురు. మా పొరుగింటి పిల్ల కాగితమున 4,50,000 రూపాయలలో 45,000 రూపాయలు పనితీరును బట్టి ఏడాది చివర నిచ్చెడి భాగము. అది పూర్తిగా రావచ్చును, సగము రావచ్చును, అసలే రాకపోవచ్చును. కంపెనీవారు తమ వంతుగా ప్రావిడెంటు ఫండునకు కట్టునది నెలకు 1,800 చొప్పున ఏడాదికి 21,600. ఇది 2014 సెప్టెంబరులో 15,000 రూపాయలుగా నిర్ణయింపబడిన పరిమితిపై నూటికి 12 వంతున లెక్క. ఈ 1,800 లోను 1,250 పింఛను ఖాతాకు పోవును, 550 మాత్రమే పిల్ల పేరిట నిధిలో చేరును. గ్రాట్యుటీ పేరిట సుమారు 10,800. శాశ్వతోద్యోగి యైనచో సామాన్యముగా అయిదేండ్లు ఒకేచోట పనిచేసిననే గాని యీ సొమ్ము చేతికి రాదు. ఇరువదిరెండేండ్ల పిల్లలలో అయిదేండ్లు ఒకేచోట నిలుచువారెందరో మీరే చెప్పుడు. వైద్యపు భీమాకు కట్టునది 6,600. ఇవన్నియు గూడిన 84,000 అయినది. మిగిలిన 3,66,000 రూపాయలను పన్నెండు నెలలకు పంచిన నెలకు 30,500. అందులోనుండి పిల్ల తన వంతుగా ఫండునకు కట్టునది మరియొక 1,800. తెలంగాణములో నెలకు 20,000 దాటిన జీతములపై వృత్తిపన్ను 200. పోగా చేతికి వచ్చునది 28,500.

చీటిలోని యంకె కూడ నదియే. ఒక్క రూపాయి తేడా లేదు.

తల్లి ముఖమున మొదట సంతోషము, వెంటనే పశ్చాత్తాపము కానవచ్చినవి. "ఆయనకు మీరే చెప్పండి వదినగారూ, నేను చెబితే వినరు" అనెను. చెప్పితిమి. ఆయన గుమాస్తాగా పనిచేసినవాడే, లెక్కలు తెలిసినవాడే. కాని ఆయన కాలమున జీతమనగా చేతికి వచ్చునది. రాని సొమ్మును గూడ జీతములో జేర్చి చెప్పు ఆచారము ఆయన యెరుగడు. ఫండు సొమ్ము నష్టమైనది కాదని, అది పిల్లకు ముందునకు నిలువయేయని నేను చెప్పగా కొంత తేరుకొని, సాయంకాలము తానే ఫోను చేసెను. పిల్ల ఎత్తినది. ఏమి మాటలాడుకొనిరో నేనడుగలేదు.

ఇక 28,500 మంచి జీతమా, కాదా? తల్లి నన్నడిగిన రెండవ ప్రశ్న యిది. దీనికి వెంటనే యుత్తరము చెప్పలేకపోయితిని.

ఈ ప్రశ్న మన ప్రభుత్వములకు గూడ పాతదియే. స్వాతంత్ర్యము వచ్చుచున్న రోజులలో, 1946 లో నేర్పడి 1947 లో నివేదిక నిచ్చిన మొదటి కేంద్ర వేతనసంఘమునకు శ్రీనివాస వరదాచారిగారు అధ్యక్షులు. మిక్కిలి తక్కువ తరగతి యుద్యోగికి 30 రూపాయలు మూలవేతనము, 25 రూపాయలు కరవుభత్యము, మొత్తము 55 రూపాయలు ఉండవలెనని వారు చెప్పిరి. తరువాత 1957 జూలైలో క్రొత్తఢిల్లీలో జరిగిన పదునైదవ భారత కార్మికసభ కనీసవేతనమునకు కొలత లేర్పరచినది. పెద్దవానికి దినమునకు 2,700 కేలరీల ఆహారము, తలకు ఏడాదికి 18 గజముల గుడ్డ చొప్పున నలుగురికి 72 గజములు, ఇంటియద్దె, వంటచెరకు దీపము మున్నగువానికి నూటికి 20 వంతులు. ఈ యాహారపు లెక్క అక్రాయిడు దొరగారిది. ఆయన పనిచేసిన కూనూరు ఆహారపరిశోధనశాలయే పిమ్మట హైదరాబాదునకు తరలివచ్చి జాతీయ పోషకాహారసంస్థ అయినది. తార్నాకలో బస్సు దిగువారందరు నెరిగిన కట్టడమది.

ఆ 1957 నాటి కొలతలలో రెండు విషయములు మనము గమనింపదగినవి. సంపాదించువాడొకడు, అతనిపై నాధారపడు భార్యయు, ఇద్దరు బిడ్డలు. వీరి నలుగురి తిండిని మూడు పాళ్లుగా లెక్కించిరి. మగనికి ఒక పాలు, బిడ్డలకు 0.6 చొప్పున, ఇల్లాలికి 0.8. అనగా మగని కంచములో నుండునది పదియైన, ఆమె కంచములో ఎనిమిది. ఇది శాస్త్రజ్ఞుల లెక్కయే గాని యెగతాళి కాదని నాకు తెలియును. అయినను నాట్లువేసి, కలుపుతీసి, నీళ్లు మోసి, బిడ్డకు పాలిచ్చు స్త్రీని తలచుకొన్నప్పుడు ఆ రెండు వంతులెక్కడికి పోయినవని తోచకమానదు. రెండవది మరింత విచిత్రము. స్త్రీల సంపాదనను లెక్కలోనికి తీసికొనరాదని వ్రాసిరి. మగనివేతనము కుటుంబమునకంతకు చాలునట్లుండవలెనను సదుద్దేశముతోనే యట్లు చేసిరి. కాని ఆడుపిల్ల స్వయముగా జీతగాండ్రలో నొకతె యగునను తలపు ఆ లెక్కలో ఎక్కడను లేదు. 1991 లో సుప్రీముకోర్టువారు రెప్టకోస్ బ్రెట్ కంపెనీ కార్మికుల వ్యాజ్యమున, బిడ్డల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము, వివాహములు మొదలగు వానికై నూటికి 25 వంతులు చేర్పవలెననిరి. ఈ కొలతలనే యాధారముగా గొని యేడవ వేతనసంఘమువారు కేంద్రప్రభుత్వోద్యోగములో నట్టడుగు జీతమును 2016 జనవరి 1 నుండి 18,000 రూపాయలుగా నిర్ణయించిరి. దానిపై 2025 జూలైనాటికి కరవుభత్యము నూటికి 58 చొప్పున 10,440. మొత్తము 28,440 రూపాయలు. హైదరాబాదులో పనిచేయువారికి ఇంటియద్దె భత్యము వేరే వచ్చును. పింఛను నిమిత్తము పదవ వంతు పట్టుకొందురు.

ఇంజనీరింగు చదివిన మన పొరుగింటి పిల్ల చేతికి వచ్చునది 28,500, కార్యాలయములో దస్త్రములు మోయు అట్టడుగు కేంద్రోద్యోగికి లెక్కకట్టినది 28,440. ఈ మాట చెప్పగా తండ్రి ముఖము చిన్నబోయినది. నాలుగేండ్ల చదువునకు నాలుగు లక్షలు అప్పు తెచ్చినవాడుగదా! దస్త్రములు మోయుట తక్కువపని యని నేననుట లేదు. వారికా జీతము కుటుంబమును పోషించు కనీసముగా నిర్ణయింపబడినది. దానితో సమానమైన మొత్తమును ఒంటరిపిల్ల కిచ్చిన అది మంచిదే కావలెను. ఎందుకు చాలుట లేదో చూడవలెను.

పిల్ల వ్రాసి పంపిన ఖర్చుపట్టీ నా యొద్ద నున్నది. ముగ్గురు కలిసి యుండు గదితో హాస్టలునకు భోజనము సహా 8,500. అందులో మూడు పూటల భోజనమని కాగితముమీద నున్నది. పప్పులో పప్పు వెదుకుకొనవలెనని పిల్ల వ్రాసినది. కావున ఆఫీసులో మధ్యాహ్నపు తిండికి, టిఫినులకు 2,000. మెట్రోరైలునకు, అక్కడినుండి ఆటోకు 1,800. ఫోనునకు 500. బట్టలు, సబ్బులు, మందులు, స్త్రీలకు తప్పని నెలసరి ఖర్చులు 2,500. ఇంటికి వచ్చిపోవుటకు నెలకు సుమారు 1,200. ఇవి 16,500. ఇంతవరకు దుబారా యేదియు నాకు కనబడలేదు. పిమ్మట చదువునకై తెచ్చిన నాలుగు లక్షల బ్యాంకు అప్పు. చదువు ముగిసిన యేడాదివరకు కట్టనక్కరలేదన్న గడువు, ఆమెకు ఉద్యోగము దొరకిన నెలలోనే ముగిసినది. నూటికి పదిన్నర వడ్డీపై ఏడేండ్లకు నెలసరి కిస్తీ సుమారు 6,700. మొత్తము 23,200. మిగులునది 5,300.

తండ్రిగారు నెలకు పదివేలు వచ్చునని తలచి యొక చీటీలో చేరియుండిరి. తల్లి కనీసము నాలుగువేలైన పంపవలెననుకొన్నది.

ఇచ్చట నా స్వంత యనుభవ మొకటి చెప్పక తప్పదు. మా అన్నగారి కూతురు కొన్నియేండ్లక్రిందట హైదరాబాదులోనే యొక చిన్న కంపెనీలో చేరినది. పేరు వ్రాయను. జీతము కాగితముమీద బాగుగనే యుండెను. మాయింట నందరమును ఆ యంకెను పదిమందికి చెప్పుకొని మురిసితిమి. ఎనిమిది నెలలు గడచిన పిమ్మట జీతములు ఆలస్యమగుట మొదలిడినవి. ఒక నెల పదునైదు దినములు, మరుసటి నెల ముప్పది దినములు, పిమ్మట రెండు నెలలు ఏమియు లేదు. పైయధికారి నోరు మంచిది కాదు. రాత్రి పదకొండింటికి ఫోనుచేసి పనిచెప్పుటయు, చేయనిచో మరునాడు అందరియెదుట మాటలనుటయు. మా పిల్ల యెందుకు విడిచి రాలేదు? విడిచిన మరునాడు హాస్టలు అద్దె కట్టుటకు చేతిలో సొమ్ము లేదు. వచ్చినంతయు ఇంటికి పంపినది, మేము తీసికొంటిమి. అడుగుటకు సిగ్గుపడి ఫోనులో దొరకు అప్పుయాపులలో నొకదానినుండి పదివేలు తీసికొన్నది. అది తీర్చుటకు మరియొకటి. ఆ యాపువారు ఆమె ఫోనులోని పేర్లన్నిటికిని ఫోనుచేయ మొదలిడిన దినముననే మాకు సంగతి తెలిసినది. మా అన్నగారికి సయితము ఫోను వచ్చినది. ఆ రాత్రి ఆయన రైలెక్కి పోయి పిల్లను తీసికొనివచ్చిరి. దారి పొడుగునను ఆమె యొక్కమాటయు ఆడలేదట.

అప్పటినుండి నాకొక కొలత యేర్పడినది. యువతికిగాని యువకునికిగాని యిచ్చు జీతము మంచిదా యని యడిగిన నేను మొత్తము చూడను. ఉన్న యూరిలో కడుపునిండ తిని, తలదాచుకొని, అప్పు కిస్తీ కట్టి, ఏడాదిన్నరలో నాలుగు నెలల ఖర్చును నిలువ చేయగలిగినచో అది మంచి జీతము. నాలుగు నెలలెందుకనగా, చెడ్డ యుద్యోగమును విడిచి మరియొకటి వెదకికొనుటకు సామాన్యముగా నంతకాలము పట్టుటను మా బంధువులలో చూచితిని. "ఈ పని నేను చేయను" అని చెప్పుటకు ధైర్యము మనస్సులోనుండి రావలెనని పెద్దలందురు. ఆ ధైర్యములో సగము బ్యాంకుఖాతాలోనుండి వచ్చుట నేను కన్నులార చూచినాను.

మా పొరుగింటి పిల్లకు నెల ఖర్చు 23,200. నాలుగు నెలలకు 92,800. ఇంటికేమియు పంపక 5,300 చొప్పున నిలువ చేసినచో పదునెనిమిది నెలలలో సమకూరును. తల్లి యనుకొన్నట్లు నాలుగువేలు పంపి 1,300 మాత్రము మిగుల్చుకొన్నచో ఆ మొత్తమే సమకూరుటకు దాదాపు ఆరేండ్లు పట్టును. తండ్రిగారి పదివేల చీటీమాట చెప్పనక్కరలేదు. జీతమొక్కటే. అది మంచిదగుటయు కాకపోవుటయు సగము మన చేతిలోనే యున్నది.

ఈ లెక్క చూపగా తండ్రిగారు చాలసేపు మాటలాడలేదు. చీటీనుండి తప్పుకొనుటకు వీలులేదని, నెలకు రెండువేలైన పంపవలెనని చివరకనిరి. నాకది నచ్చలేదు. అయినను వారి యింటి లెక్క వారిది. రెండువేలు పంపిన పిల్లకు మిగులునది 3,300, నిలువకు ఇరువదియెనిమిది నెలలు. ఏమియు పంపనక్కరలేదని తల్లి నాతో చాటున చెప్పినది. ఆ రెండువేలు తాను ఇంటిఖర్చులో ఎట్లో సర్దునట.

ఇల్లు కదలక చేయు ఉద్యోగముల సంగతి వేరు. 2019 లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయములలో చేరినవారికి మొదటి కాలమున నెలకు 15,000 మాత్రమే యిచ్చిరి. తెనాలిలో అట్టి యుద్యోగిని యొకతె తల్లిదండ్రులతో నుండి, స్కూటరు పెట్రోలునకు వేయి, ఇంటిసరకులకు నాలుగువేలు పోను, నెలకు ఎనిమిదివేలవరకు నిలువ చేసినది. హైదరాబాదులోని 28,500 కంటె నా కొలతలో అప్పటికి అదియే మంచి జీతము. కాని అందుచేత పిల్లలను పట్టణములకు పంపరాదని నేననను. పట్టణములో పని నేర్చుకొన్న పిల్ల మూడేండ్లలో మరియొక మెట్టు ఎక్కుటకు అవకాశము హెచ్చు. మొదటి జీతముకంటె ముఖ్యమైనది ఆ పనిలో పిల్ల నేర్చుకొనుచున్నదేమి యనునది. మరియు ఏటేట పెరుగుదల యెంత? ధరలు నూటికి అయిదు పెరిగిన యేట జీతము నూటికి మూడు పెరిగినచో 28,500 కాస్త 29,355 అగును. కాని పాత వస్తువులే కొనుటకు 29,925 కావలెను. పెరిగినదని మిఠాయి పంచుకొందుము, నిజమునకు తగ్గినది.

అమెరికా జీతముల మాట వచ్చినప్పుడు మనవారు డాలరును రూపాయలతో గుణించి చెప్పుకొందురు. ఏడాదికి తొంబదివేల డాలర్లనగా డెబ్బదియైదు లక్షలకు పైమాట యని ఆశ్చర్యపోదుము. అచ్చటి యుద్యోగి సాంఘికభద్రతకును వృద్ధుల వైద్యనిధికిని కలిపి నూటికి 7.65 ఇయ్యవలెను. దానిపై కేంద్రప్రభుత్వపు ఆదాయపుపన్ను. న్యూజెర్సీలోను కాలిఫోర్నియాలోను రాష్ట్రపుపన్ను గూడ కలదు, టెక్సాసులో లేదు. అద్దెయు, కూరలును, కారును డాలర్లలోనే. డాలర్లలో తినువాడు రూపాయలలో లెక్కించుకొనుట, కొలిచినప్పుడొక కుంచము, వండినప్పుడొక కుంచము పెట్టుకొన్నట్లే. అక్కడను నా కొలత యొక్కటియే. నాలుగు నెలల ఖర్చు ఎప్పటికి నిలువ యగును? పై చదువునకు చేసిన అప్పు నలుబది లక్షలైనచో అంతకుముందే పెండ్లి మాటలాడు తల్లిదండ్రులు ఆ ప్రశ్న యడుగుట మంచిది.

ఇంతకును సంపాదించిన సొమ్మెవరిది? ఈ ప్రశ్నయు పాతదే. స్త్రీ తన శిల్పముచే, అనగా నూలువడకుట మొదలగు పనులచే, సంపాదించినదానిపై భర్తకే స్వామ్యమని కాత్యాయనస్మృతి చెప్పినది. మగవారికిని చిక్కులు లేకపోలేదు. ఉమ్మడికుటుంబపు సొమ్ముతో చదివి సివిలు సర్వీసులో చేరినవాని జీతము కుటుంబమునకే చెందునని 1921 లో ప్రీవీకౌన్సిలువారు తీర్పుచెప్పిరి. ఆ యిబ్బంది తీర్చుటకే 1930 లో హిందువుల విద్యార్జిత చట్టము వచ్చినది. ఎవరి సొమ్ముతో చదివినను చదువువలన సంపాదించినది వాని స్వంతమని నిర్ణయమైనది. స్త్రీకి మరియొక ఇరువదియారేండ్లు పట్టినది. 1956 నాటి హిందూ వారసత్వచట్టములో పదునాలుగవ విభాగము, స్త్రీ తన నేర్పుచేతగాని శ్రమచేతగాని యార్జించినది ఆమెకు సంపూర్ణస్వంతమని స్పష్టముగా చెప్పుచున్నది. అట్లని తల్లిదండ్రులను విడువవచ్చునని కాదు. పోషించుకొనలేని తల్లిదండ్రులకు చాలినంత సంపాదన గల కూతురు, పెండ్లియైనదైనను, భరణమియ్యవలసినదేయని 1987 లో సుప్రీముకోర్టు తీర్పు కలదు. హక్కును బాధ్యతయు రెండును ఆమెవే.

చట్టములో నిట్లుండగా ఇండ్లలో నెట్లున్నది? పెండ్లియైన మూడవనెలనే కోడలి బ్యాంకుకార్డు అత్తగారి బీరువాలో చేరిన యిండ్లు నాకు తెలియును. కార్డు ఇయ్యకపోయినను, రహస్యసంఖ్య భర్త యొద్ద నుండును. ఆ పిల్ల ఆఫీసులో లక్ష రూపాయల లెక్కలు చూచును, ఇంటికి వచ్చి రైలుటిక్కెట్టునకు సొమ్మడుగును. అట్టి యింట జీతము పన్నెండైనను ఇరువదియైనను ఆమెకేమి మంచిది? తల్లులు ఈ సంగతి పెండ్లికి ముందే మాటలాడరు. కట్నకానుకలమాట, పెట్టుపోతలమాట గంటలకొలది మాటలాడుదురు. జీతము ఎవరి ఖాతాలో పడును, పిల్ల చదువుకైన అప్పు పెండ్లి తరువాత ఎవరు కట్టుదురు అని అడుగుటకు మాత్రము నోరు రాదు. మా పొరుగింటి పిల్ల కిస్తీలు ముగియుటకు ఏడేండ్లు కలవు. అంతలో పెండ్లి కాకుండునా? వచ్చు సంబంధమువారు "నాలుగున్నర" అని విని సంతోషించి, పిమ్మట 6,700 కిస్తీ సంగతి తెలిసి మూతిముడుచుకొన్నచో అనుభవించునది పిల్లయే. ముందే చెప్పుమని తల్లితో చెప్పితిని. "సంబంధం తప్పిపోతే?" అని ఆమె అడిగినది. తప్పిపోయిన మంచిదేయని నేనంటిని. ఆమె తల యూపలేదు, కాదనియు ననలేదు.

ఉద్యోగమున చేరబోవు పిల్లలున్న తల్లులు ఆ కాగితమును ఒకమారు తెప్పించుకొని చూచుట మంచిది. అది ఇంగ్లీషులో నుండునని భయపడనక్కరలేదు. నెలనెల చేతికి వచ్చునదేది, ఏడాది చివర వచ్చిన రావచ్చుననునదేది, కంపెనీ తన వంతుగా కట్టి జీతములో లెక్కించినదేది, ముందే విడిచిన తిరిగి కట్టవలసినదేది. ఈ నాలుగింటిని పిల్లచేతనే గీతలు పెట్టించుడు. మూలవేతనమెంతయో గూడ చూడుడు. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వేతనచట్టమున, ఫండు, గ్రాట్యుటీ మొదలగువాని లెక్కకు వేతనము మొత్తములో సగమునకు తగ్గరాదను నియమము కలదు. దీనివలన కొందరికి ముందునకు నిలువ పెరిగి, చేతికి వచ్చునది కొంచెము తగ్గవచ్చును. తగ్గినదని పిల్లమీద అనుమానపడకుడు.

కార్తికమాసమున మా వీథివారమందరము కృష్ణయొడ్డున నొక తోటకు వనభోజనములకు పోయితిమి. ఉసిరిచెట్టు క్రింద విస్తళ్లు వేయుచుండగా, శ్రావణమాసపు పేరంటమున "పన్నెండు" అన్నామె మా పొరుగింటి యిల్లాలిని మరల పలుకరించి, "అమ్మాయి ఎలా ఉంది? ఏమైనా పెంచారా?" అని యడిగెను. ఈమె ఈసారి నాలుగున్నర యనలేదు. "చేతికి ఇరవై ఎనిమిదిన్నర వేలండీ. అప్పు కిస్తీ, ఖర్చులు పోను అయిదు వేలు మిగులుతుంది. రెండు వేలు మాకు పంపిస్తుంది. మిగతాది దాని పేరనే ఉంది" అనెను. చుట్టునున్నవారు ఆమెవంక వింతగా చూచిరి. అంత వివరముగా జీతము చెప్పినవారిని వారెన్నడును విని యుండలేదు.

వారము తిరుగకుండ ఆ పన్నెండుగారు మా యింటికి వచ్చిరి. చేతిలో కొడుకు నియామకపత్రము. ఇద్దరమును గూర్చుండి గీతలు పెట్టితిమి. పన్నెండు లక్షలలో ఒక లక్ష చేరినప్పు డొక్కసారి యిచ్చునది, ఏడాదిలోపల విడిచిన తిరిగి కట్టవలెను. రెండు లక్షలు కంపెనీ షేర్లు, నాలుగేండ్లపాటు కొంచెము కొంచెముగా చేతికి వచ్చును గాని మొత్తమంతయు మొదటియేటనే చేర్చిరి. పనితీరును బట్టి యిచ్చునది 1,20,000. కంపెనీవారి ఫండు, గ్రాట్యుటీ, భీమా కలిపి మరియొక 1,20,000. మిగిలిన 6,60,000 లో నెలకు 55,000. కుఱ్ఱవాని వంతు ఫండు 6,000, వృత్తిపన్ను 200. పోగా 48,800. పన్నెండు లక్షలవరకు ఆదాయమునకు 2025-26 లో క్రొత్తపద్ధతిని ఆదాయపుపన్ను లేకపోవుట యొక్కటే అందు మేలు.

"నెలకు లక్ష అనుకున్నానండీ" అని ఆమె చాలసేపటికి మెల్లగా ననెను. ఇది తక్కువ జీతము కాదని, కుఱ్ఱవానికి అప్పు లేదు గనుక నా లెక్కను మిక్కిలి మంచి జీతమేయని చెప్పితిని. ఆమె కాగితమును నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకొని, లేచి గుమ్మమువరకు పోయి, వెనుదిరిగి, "వచ్చే మాఘంలో పెళ్లి అనుకుంటున్నాం. ఈ లెక్క మా కాబోయే వియ్యాలవారికి మాత్రం చెప్పకండి" అనెను. నేను చెప్పలేదు. ఇచ్చటను పేరు వ్రాయలేదు.